హోరు తగ్గితే చెవి బాగుపడినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 26. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తూ రోజూ రైల్లో వెళ్ళి వస్తుంటాను. సెలవు రోజుల్లోనూ పెళ్ళిళ్ళ సీజనులోనూ ఒక ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ వాయిస్తాను. మూడు వారాల కిందట తెనాలి దగ్గర ఒక ఊళ్ళో తిరునాళ్ళ ప్రోగ్రాం జరుగుతుండగా, నా ఎడమ పక్కనే పెట్టిన మానిటర్ బాక్సు (మేం వాయించేది మాకు వినబడడానికి స్టేజీ మీద పెట్టే స్పీకరు) రెండు మూడుసార్లు గట్టిగా కూత పెట్టింది. ఆ తరవాత కూడా దాదాపు నాలుగు గంటలు వాయించాను. స్టేజీ దిగేసరికి రెండు చెవులూ దిబ్బడ పడ్డాయి. మర్నాటికి దిబ్బడ తగ్గింది గానీ సన్నని ఈల లాంటి మోత మిగిలిపోయింది. ఎడమ చెవిలో ఎక్కువ. ఇంతకుముందు కూడా ప్రోగ్రాం అయ్యాక చెవులు హోరుమనేవి కానీ, నిద్ర లేచేసరికి పోయేది. ఈసారి పోవడం లేదు. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. మందుల షాపులో చుక్కల మందు, మాత్రలు ఇచ్చారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఫోన్లో వెతికితే మెదడులో గడ్డ దాకా ఏవేవో చెబుతున్నారు. ఇది తగ్గుతుందా? చెవుడు వస్తుందా? వాయించడం మానెయ్యాలా?

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ప్యాడ్స్ వాయించడం మానుకోవలసిన అవసరం లేదు. కానీ ఇప్పటిదాకా వాయించిన తీరులో ఇక వాయించకూడదు. చెవుడు విషయానికి వస్తే, ఒక్కసారిగా పూర్తిగా వినబడకుండా పోయే సూచనలేవీ మీ ఉత్తరంలో లేవు. అయితే లోపలి చెవికి దెబ్బ తగిలిందన్నది మాత్రం దాదాపు ఖాయం. ఆ దెబ్బ ఎంతటిదో ఉత్తరం చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు, వినికిడి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కాబట్టి ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఈఎన్‌టీ విభాగాలున్నాయి. ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఫర్వాలేదు, కాకపోతే అక్కడ వినికిడి పరీక్ష చేసే గది, పరీక్ష చేసే ఆడియాలజిస్టు ఉన్నారో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. ‘ఇంతకుముందు కూడా హోరుమనేవి కానీ, నిద్ర లేచేసరికి పోయేది’ అని మీరు రాశారు. డీజే బాక్సుల ముందు ఆడినవాళ్ళు, నిమజ్జనం ఊరేగింపులో రాత్రంతా నడిచినవాళ్ళు, ఆర్కెస్ట్రా వాళ్ళు, సౌండ్ సిస్టమ్ కుర్రాళ్ళు అందరూ ఇదే మాట చెబుతారు. హోరు పోయింది కాబట్టి చెవి ఎప్పటిలాగే ఉందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం సరైనది కాదు. ఈసారి జరిగినది కొత్త సంగతి కాదనీ, పాత రాత్రులన్నిటిలోనూ కొద్దికొద్దిగా జరుగుతూ వచ్చినదే ఈసారి బయటపడిందనీ అర్థం చేసుకుంటే, ఇక ముందు ఏం చెయ్యాలో సులువుగా తెలుస్తుంది. అందుకని ఈ సంగతి కాస్త వివరంగా చెబుతాను.

శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది, ఆ కదలికను మూడు చిన్న ఎముకలు లోపలికి చేరవేస్తాయి. లోపల నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొని ఉన్న ఒక గొట్టం ఉంది. దాన్ని కోక్లియా అంటారు. అందులో నిండిన ద్రవంలో, సన్నని నూగు లాంటి కొసలున్న కణాలు వరుసలుగా నిలబడి ఉంటాయి. ఒక్కో చెవిలో ఇవి సుమారు పదిహేను వేలు మాత్రమే ఉంటాయి. మనిషి పుట్టకముందే ఈ సంఖ్య పూర్తవుతుంది, ఆ తరవాత కొత్తవి పుట్టవు. విచిత్రమేమిటంటే కోళ్ళకు ఇవి దెబ్బతిన్నా మళ్ళీ మొలుస్తాయి; మనకు ఆ భాగ్యం లేదు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు ఈ నూగు కొసలు గాలివానకు వరిచేను పడిపోయినట్టు వాలిపోతాయి. గాలి ఆగాక కొంత పైరు తిరిగి నిలబడుతుంది, కొంత నేలకే అంటుకుపోతుంది. స్టేజీ దిగిన రాత్రి మీకు కలిగిన దిబ్బడ వాలిపోయిన వాటి వల్ల వచ్చింది. మర్నాటికి అది తగ్గిందంటే చాలావరకు లేచాయని అర్థం, అన్నీ లేచాయని మాత్రం కాదు.

ఇంకో సంగతి 2009 దాకా వైద్యులకు కూడా స్పష్టంగా తెలియదు. ఆ సంవత్సరం అమెరికాలో కుజావా, లిబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు రెండు గంటలపాటు పెద్ద శబ్దం వినిపించారు. వాటి వినికిడి తాత్కాలికంగా తగ్గి, కొన్నాళ్ళకు మామూలు స్థితికి వచ్చింది. నూగు కణాలు కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. అయితే మైక్రోస్కోపు కింద పరిశీలిస్తే, ఆ కణాలను వినికిడి నరానికి కలిపే సంధులు కొన్ని చోట్ల సగం దాకా నశించిపోయాయి. అవి తిరిగి రాలేదు. మనుషుల్లో ఇది ఏ మేరకు జరుగుతుందన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది గానీ, పరీక్షలో వినికిడి మామూలుగా వచ్చినంత మాత్రాన లోపల నష్టమేమీ జరగలేదని చెప్పలేమన్నది మాత్రం అప్పటి నుంచి అందరూ ఒప్పుకుంటున్నారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అన్నీ బాగానే వినబడుతూ, పెళ్ళి పందిట్లోనో హోటల్లోనో నలుగురూ మాట్లాడుతుంటే ఎదుటి మనిషి మాట పట్టుకోలేకపోతున్నారా? అలా జరుగుతూ ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

మరి శబ్దమేదీ లేనప్పుడు ఈల ఎక్కడి నుంచి వస్తోంది? చెవిలో ఏదో మోగుతోందని అందరూ అనుకుంటారు గానీ, ఎక్కువమంది విషయంలో ఆ మోత తయారయ్యేది మెదడులో. కొన్ని కణాల నుంచి రావలసిన సంకేతాలు తగ్గిపోయినప్పుడు, ఆ లోటు పూడ్చుకోవడానికి వినికిడికి సంబంధించిన మెదడు భాగాలు తమ సున్నితత్వాన్ని పెంచుకుంటాయని ఇప్పటి అవగాహన. అలా పెంచుకున్నప్పుడు నరాల్లో మామూలుగా ఉండే అలికిడి కూడా శబ్దంగా వినిపిస్తుంది. పెద్ద శబ్దాల వల్ల ముందుగా దెబ్బతినేది హెచ్చు స్థాయి స్వరాలను అందుకునే భాగం కాబట్టి, మోత కూడా సాధారణంగా సన్నగా, కీచుగా ఉంటుంది. మీరు ఈల అని రాసింది దీనికి సరిగ్గా సరిపోతుంది. మెదడులో గడ్డ గురించి మీరు చదివినది వినికిడి నరం మీద పెరిగే ఒక రకం కంతి అయి ఉంటుంది. అది క్యాన్సరు కాదు, చాలా అరుదు, సాధారణంగా ఒక్క చెవిలోనే వినికిడి తగ్గుతూ మోత వస్తుంది. మీకు రెండు చెవుల్లోనూ ఉంది, కారణం కళ్ళెదుటే ఉంది, ఎడమ చెవి పక్కనే బాక్సు కూడా ఉంది. అయినా పరీక్షలో రెండు చెవులకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడి, అది అలాగే నిలిచిపోతే డాక్టరు ఎంఆర్‌ఐ తీయించమనవచ్చు. అనుమానం పూర్తిగా తీర్చుకోవడానికే అలా అంటారు, భయపడకండి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. శబ్దం వల్ల కలిగే హాని రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత గట్టిగా ఉంది, ఎంతసేపు విన్నాం అన్నవి. పనిచేసే చోట రోజుకు ఎనిమిది గంటలపాటు 85 డెసిబెల్స్ దాకా ఫర్వాలేదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఏనాడో నిర్ణయించింది. డెసిబెల్ కొలమానం మామూలు కూడికల్లా నడవదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెండింతలవుతుంది, కాబట్టి భద్రంగా వినగలిగే సమయం సగానికి పడిపోతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 94 అయితే ఒకటి. అలా దిగుతూ వస్తే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ఆర్కెస్ట్రా స్టేజీ మీద మానిటర్ పక్కన 100 ఉండడం వింతేమీ కాదు. అక్కడ నాలుగు గంటలు వాయించారంటే, ఒక రోజుకు చెవి తట్టుకోగల మోతాదుకు పదహారు రెట్లు ఒక్క రాత్రిలో పుచ్చుకున్నారన్నమాట. చేతిలో మీటరు లేకపోయినా తెలుసుకునే దారి ఒకటుంది. బారెడు దూరంలో నిలబడ్డ మనిషితో గొంతు పెంచి అరిస్తే గానీ వినబడడం లేదంటే, అక్కడ శబ్దం 85 దాటిందని లెక్క. ఈ మధ్య మన పెళ్ళి ఊరేగింపుల్లో వియ్యంకులు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ కుశలప్రశ్నలు వేసుకోవడం చూస్తూనే ఉన్నాం. ఫోన్లో శబ్దం కొలిచే యాప్‌లు స్థూలంగా పనికొస్తాయి గానీ, ఫోను మైకులు మరీ పెద్ద శబ్దాలను సరిగా కొలవలేవు. యాప్ 90 చూపించింది కాబట్టి 90యే ఉందని ధీమాగా ఉండకండి.

మానిటర్ పెట్టిన కూత గురించి విడిగా చెప్పాలి. గట్టి శబ్దం వినబడినప్పుడు మధ్య చెవిలో ఒక చిన్న కండరం బిగుసుకొని ఎముకల కదలికను కొంత తగ్గిస్తుంది. అయితే అది బిగుసుకోవడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది, పైగా అది అడ్డుకునేది ముఖ్యంగా తక్కువ స్థాయి స్వరాలనే. మైకు కూత హఠాత్తుగా వస్తుంది, హెచ్చు స్థాయిలో వస్తుంది. అంటే చెవికి ప్రకృతి ఇచ్చిన ఆ కాస్త రక్షణ కూడా దాని దగ్గర పనిచెయ్యదు. ఆ కూత దెబ్బ తగిలిన చెవితోనే మీరు మరో నాలుగు గంటలు కూర్చున్నారు. ప్రోగ్రాం మధ్యలో ఆపలేని ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఇక ముందు అలా జరిగితే కనీసం ఆ బాక్సును తిప్పించి, దానికి దూరంగా జరిగి కూర్చోవాలి.

ఉత్తరంలో మీరు రాయలేదు గానీ, రోజూ రైల్లో వెళ్ళివచ్చే కుర్రవాడి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉండవంటే నమ్మడం కష్టం. గుంటూరులో బండి ఎక్కగానే పాట పెడతారు. కిటికీలన్నీ తెరిచే ఉంటాయి, బండి కృష్ణ వంతెన మీదికి రాగానే చప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది, చెయ్యి దానంతటదే వాల్యూమ్ పెంచుతుంది. వంతెన దాటాక మాత్రం ఎవరూ తగ్గించరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు సూచించే హద్దు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్, పిల్లలకైతే 75. చాలా ఫోన్లలో పూర్తి వాల్యూమ్ పెడితే ఇయర్‌ఫోన్స్ 100 దాకా, కొన్ని అంతకు మించి కూడా వినిపిస్తాయి. బయటి చప్పుడును అణిచే నాయిస్ క్యాన్సిలింగ్ రకం వాడితే వాల్యూమ్ పెంచాలనే కోరిక తగ్గుతుంది, కాబట్టి ప్రయాణంలో అవి మేలు. ఫోను సెట్టింగ్స్‌లో గరిష్ఠ వాల్యూమ్‌కు హద్దు పెట్టుకునే వీలుంటుంది. ఆ హద్దును ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పెట్టుకోండి, రైల్లో కాదు. మోత ఇంకా ఉన్న ఈ రోజుల్లో మాత్రం ప్రయాణంలో ఇయర్‌ఫోన్స్ పూర్తిగా పక్కన పెట్టమని నా సలహా. శనివారం స్టేజీ మీద దెబ్బతిన్న చెవికి సోమవారం రైల్లో మళ్ళీ అదే శబ్దం తగిలితే అది తేరుకునేది ఎప్పుడు?

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో చెబితే మీకు బెరుకు తగ్గుతుంది. ముందు డాక్టరు లైటు ఉన్న పరికరంతో చెవి లోపల చూస్తారు. గులిమి గట్టిగా అడ్డుపడ్డా మోత వస్తుంది కాబట్టి ఆ సంగతి ముందుగా తేల్చుకుంటారు. తరవాత ఆడియోమెట్రీ ఉంటుంది. బయటి చప్పుడు రాకుండా కట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తారు. ఒక్కో స్వరాన్నీ క్రమంగా తగ్గిస్తూ వినిపిస్తారు, వినబడినప్పుడల్లా మీరు నొక్కాలి. మీకున్న మోతకూ పరీక్ష స్వరానికీ తేడా తెలియక ఒక్కోసారి తికమక పడతారు. అలాంటప్పుడు ఆ మాట ఆడియాలజిస్టుతో చెబితే ఆగి ఆగి వచ్చే స్వరంతో పరీక్షిస్తారు. ఫలితాన్ని గ్రాఫుగా గీస్తారు, దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవికి ఆ గీత (స్వరం ఎంత హెచ్చో హెర్ట్‌జ్‌లో కొలుస్తారు) 4000 హెర్ట్‌జ్ దగ్గర పల్లంలా కిందికి దిగి, 8000 దగ్గర మళ్ళీ కొంత పైకి లేస్తుంది. వయసు మీద పడ్డాక వచ్చే చెవుడులో అలా లేవదు; గీత కిందికే పోతుంది. 3000, 6000 దగ్గర కూడా పరీక్షించమని అడగండి, ఎందుకంటే పల్లం ఒక్కొక్కరికి ఒక్కో చోట మొదలవుతుంది. పరీక్షకు ముందు రోజంతా పెద్ద శబ్దాలకు దూరంగా ఉండాలి. రాత్రి ప్రోగ్రాం వాయించి పొద్దున్నే పరీక్షకు వెళితే తాత్కాలికంగా తగ్గిన వినికిడి కూడా అందులో కలిసిపోయి లెక్క తప్పుతుంది.

ఆ పల్లం ఉన్నచోటే ‘స’, ‘శ’, ‘ష’ లాంటి హల్లుల ధ్వని ఎక్కువగా ఉంటుంది. అచ్చులు తక్కువ స్థాయిలో ఉంటాయి. అందువల్ల మాట వినబడుతూనే ఉన్నా ఏమన్నారో సరిగా అందదు. ఇంట్లోవాళ్ళు పరధ్యానం అనుకుంటారు. మీ విషయంలో ఇలాంటిదేమైనా ఉందా అని అమ్మగారినే అడిగి చూడండి, ఇలాంటివి మనకంటే ముందు ఇంట్లోవాళ్ళు పసిగడతారు.

మందుల విషయంలో నిక్కచ్చిగా చెబుతాను. చెవిలో మోతను పోగొడుతుందని రుజువైన మాత్ర ఇప్పటికి ఏదీ లేదు. బి12 మాత్రలు, జింక్, జింగో బైలోబా, బీటాహిస్టిన్ లాంటివి మన దగ్గర ధారాళంగా రాస్తుంటారు, షాపుల్లో అడక్కుండానే ఇస్తుంటారు. శబ్దం వల్ల వచ్చిన మోతకు ఇవి ఉపయోగపడతాయనడానికి తగిన ఆధారం లేదు. బి12 లోపం ఉందని రక్తపరీక్షలో తేలితే ఆ లోపానికి వాడుకోవచ్చు, అది వేరే సంగతి. పెద్ద శబ్దం తరవాత వినికిడి నిజంగా తగ్గినట్టు పరీక్షలో తేలితే, కొందరికి డాక్టర్లు స్టెరాయిడ్లు ఇస్తారు. దానికి మొదటి కొద్ది రోజులే కీలకం, రెండు వారాలు దాటితే ఫలితం మీద ఆశ బాగా తగ్గుతుంది. మీకు మూడు వారాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు ఇవ్వాలో వద్దో పరీక్ష చూసిన డాక్టరే తేల్చాలి. షాపులో అడిగి తెచ్చుకొని మింగే మందు కాదది.

అమ్మగారి నూనె వైద్యం గురించి కోప్పడను. చెవిపోటుకు మన ఇళ్ళల్లో తరతరాలుగా చేస్తున్నదే ఆమె ప్రేమతో చేశారు. కానీ దెబ్బ తగిలింది కర్ణభేరికి అవతల, నూనె దాకా చేరని చోట. వేడి అంచనా తప్పితే చర్మం కాలుతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి పోయి చీము పడుతుంది. మన కృష్ణా తీరపు ఉక్కపోతలో తడిగా, జిడ్డుగా ఉన్న చెవిలో బూజు పట్టడం చాలా మామూలు, దాని దురద నెలల తరబడి వదలదు. ఇక మీదట పొయ్యవద్దని నెమ్మదిగా చెప్పండి. చుక్కల మందు కూడా ఆపండి. గులిమి కరగడానికో ఇన్‌ఫెక్షన్‌కో తప్ప చుక్కల వల్ల ప్రయోజనం లేదు, పైగా జెంటామైసిన్ లాంటి మందు కలిసిన చుక్కలు, కర్ణభేరికి చిల్లు ఉన్నప్పుడు, లోపలి చెవికే హాని చెయ్యగలవు. సీసా, మాత్రల అట్ట రెండూ డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి. వేరే జబ్బుకు వాడుతున్న మందులేవైనా ఉంటే వాటి పేర్లూ చెప్పండి. ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, మలేరియాకు ఇచ్చే క్వినైన్ లాంటివి కూడా చెవిలో మోత పుట్టిస్తాయి. దూది పుల్లలు, అగ్గిపుల్లలు, తాళంచెవులు చెవిలో పెట్టకూడదని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను.

నిద్ర సంగతి ముఖ్యమైనది, ఎందుకంటే నిద్ర చెడితే మోత పెద్దదవుతుంది, మోత పెద్దదైతే నిద్ర చెడుతుంది. రాత్రి పూట మోత నిజంగా పెరగదు. చుట్టూ ఉన్న చప్పుళ్ళు తగ్గడం వల్ల పెరిగినట్టు తోస్తుంది. కాబట్టి మీరు పూర్తి నిశ్శబ్దాన్ని వెతుక్కోకూడదు. ఫ్యాను చప్పుడు చాలామందికి సరిపోతుంది. చలికాలంలో ఫ్యాను వద్దనుకుంటే వానజల్లు, నీటి పారుదల లాంటి శబ్దాలు ఫోన్లో చాలా తక్కువ వాల్యూమ్‌లో, ఇయర్‌ఫోన్స్ లేకుండా, తలకు కొంచెం దూరంగా పెట్టుకోండి. ఆ శబ్దం మోతను ముంచెయ్యకూడదు, మోత కొద్దిగా వినబడుతూనే ఉండాలి. అప్పుడే మెదడు ఆ మోతను పట్టించుకోనవసరం లేనిదిగా క్రమంగా నేర్చుకుంటుంది. చాలామంది గంట గంటకూ గదిలో ఒంటరిగా కూర్చొని, చెవులు మూసుకొని, ఇంకా ఉందా పోయిందా అని వెతుకుతుంటారు. మీరు అలా చేస్తుంటే మానండి. వెతికినకొద్దీ మెదడు దాన్ని ముఖ్యమైన విషయంగా లెక్కేసుకుంటుంది. రెండు మూడు నెలలైనా బాధ తగ్గకపోతే, నిద్ర, ఉద్యోగం రెండూ పాడవుతుంటే, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల చికిత్స ఉంది. మోత వల్ల కలిగే బాధను తగ్గించడంలో అన్నిటికంటే ఎక్కువ ఆధారాలున్నది దానికే. సైకాలజిస్టు దగ్గరికి పంపినంత మాత్రాన మీకు మతి చెడిందని డాక్టరు అనుకుంటున్నట్టు కాదు.

తగ్గుతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. శబ్దం తరవాత వచ్చిన మోత చాలామందికి వారాల్లోనో నెలల్లోనో సన్నగిల్లుతుంది. కొందరికి ఉండిపోతుంది, అలా ఉండిపోయినవాళ్ళలో కూడా ఎక్కువమందికి కొంతకాలానికి అది పట్టింపులోకి రావడం మానేస్తుంది. మీరు ఏ కోవకు చెందుతారో ఇప్పుడే చెప్పలేను. వినికిడి గురించి మాత్రం ఒక అంచనా ఉంది: సుమారు నెల రోజులు దాటాక కూడా తిరిగి రాని భాగం ఇక రాదనే అనుకోవాలి. మిగిలినదాన్ని కాపాడుకోవడం మీ చేతిలో ఉంది.

ఇక వాయించడం. తప్పెటలకూ డోలుకూ లేని ఒక సౌకర్యం ప్యాడ్స్‌కు ఉంది. డోలు మీద కర్ర పడితే శబ్దం అక్కడే పుడుతుంది. ప్యాడ్స్ నుంచి శబ్దం తీగ వెంట పోయి బాక్సులో పుడుతుంది. దాన్ని తగ్గించే మీట ఎవరో ఒకరి చేతి కిందే ఉంటుంది. అందువల్ల మొదటి పని సౌండ్ చూసే మనిషితో మాట్లాడడం. మానిటర్‌ను చెవి పక్కన కాకుండా ముందు వైపు, నేల మీద పెట్టించండి. ఆరుబయట బాక్సుకూ చెవికీ మధ్య దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 3 తగ్గితే సమయం రెట్టింపవుతుందన్న లెక్కన, అలా దూరం రెట్టింపు చేసుకోవడం వల్ల భద్రంగా ఉండగల సమయం నాలుగింతలవుతుంది. షామియానాలో, కల్యాణ మండపంలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి అంత లాభం రాదు. పాట పాటకూ అందరూ ఎవరి మానిటర్ వాళ్ళు పెంచుకుంటూ పోవడం మీకు తెలిసిన బాధే. ప్రోగ్రాం మొదట్లో ఒక స్థాయి నిర్ణయించుకొని, చివరిదాకా దాన్ని దాటకూడదని నలుగురూ ఒక మాట అనుకోవాలి.

రెండోది ఇయర్ ప్లగ్స్. చెవిలో దూది పెట్టుకోవడం చాలామంది చేస్తారు. దానివల్ల తగ్గేది నామమాత్రం. మెడికల్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే నురుగు ప్లగ్స్ చవక, బాగా పనిచేస్తాయి, కానీ సరిగా పెట్టుకుంటేనే. వేళ్ళ మధ్య పుల్లలా సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, లోపలికి జొనిపి, అది ఉబ్బి నిండేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. సగం బయటికి కనబడుతుంటే పెట్టుకోనట్టే. వీటితో ఇబ్బంది ఏమిటంటే హెచ్చు స్థాయి స్వరాలను ఎక్కువగా, తక్కువవాటిని తక్కువగా తగ్గించడం వల్ల పాట మూటలో కట్టినట్టు వినిపిస్తుంది. వాయించేవాళ్ళ కోసం అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గించే ఫిల్టర్ ప్లగ్స్ ఉన్నాయి. చెవి అచ్చు తీసి చేసేవాటిలో 9, 15, 25 డెసిబెల్స్ తగ్గించే ఫిల్టర్లు దొరుకుతాయి. ఆడియాలజిస్టును అడిగితే అచ్చు తీస్తారు. మీకు 15 రకం సరిపోవచ్చు. 100 డెసిబెల్స్‌లో 15 తగ్గితే 85; పావుగంట కాస్తా ఎనిమిది గంటలవుతుంది. మొదటి రెండు ప్రోగ్రాముల్లో తాళం తప్పుతుందేమోనన్న భయం ఉంటుంది, అందుకని ఇంట్లో సాధన చేసేటప్పుడే అలవాటు చేసుకోండి. చెవిలోనే పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లు కొనుక్కుందామని మీ బృందంలో ఎవరైనా అంటే మంచిదే గానీ, వాటిని కూడా గరిష్ఠంగా పెంచుకుంటే బాక్సుకూ వాటికీ తేడా ఏమీ ఉండదు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దంటూ శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 నుంచీ ఉన్నాయి. పండుగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. లౌడ్‌స్పీకర్ పెట్టిన చోటి సరిహద్దు దగ్గర శబ్దం 75 డెసిబెల్స్‌కు మించకూడదన్నది కూడా అందులోదే. అయితే ఆ కొలత పొరుగువాళ్ళ కోసం, సరిహద్దు దగ్గర తీసేది. స్టేజీ మీద బాక్సు పక్కన కూర్చున్న మీకు ఆ నిబంధన ఏ రక్షణా ఇవ్వదు.

ఈ శీర్షిక చదివే మిగతావాళ్ళ కోసం ఒక్క మాట. శబ్దంతో సంబంధం ఉన్నా లేకపోయినా, ఒక చెవి హఠాత్తుగా వినబడడం మానేస్తే అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలసిన విషయం, రేపు చూద్దామనుకునేది కాదు. గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో, విమానం దిగుతుండగా తనకు ఒక్కసారిగా వినబడకుండా పోయిందనీ, వైరస్ వల్ల నరానికి సంబంధించిన చెవుడు వచ్చిందని డాక్టర్లు తేల్చారనీ స్వయంగా వెల్లడించారు. ఆ సందర్భంలోనే పెద్ద శబ్దాలతో, హెడ్‌ఫోన్స్‌తో జాగ్రత్త అని కూడా అభిమానులకు చెప్పారు. మోతతో పాటు కళ్ళు తిరగడం, ముఖం ఒక పక్కకు లాగడం, నాడి కొట్టుకున్నట్టు లయగా మోగడం, చీము కారడం లాంటివి ఉన్నా ఆలస్యం చెయ్యకూడదు.

మీరు ఈ నెలలో ఒప్పుకున్న ప్రోగ్రాములుంటే, పరీక్ష అయ్యేదాకా మరొకరిని సర్దుకోండి. పరీక్షలో గీత మామూలుగా ఉన్నా ప్లగ్స్ లేకుండా స్టేజీ ఎక్కవద్దు. ఆడియోగ్రామ్ కాగితాన్ని ఫోటో తీసి ఫోన్లో దాచుకోండి, ఒరిజినల్ ఫైల్లో పెట్టుకోండి. మూడు నెలలకు ఒకసారి, ఆ తరవాత ఏడాదికోసారి అదే పరీక్ష చేయించుకుంటూ పాత గీత పక్కన కొత్తది పెట్టి చూడమని ఆడియాలజిస్టును అడగండి.